నీ లిస్టులో మా మొహమాటాలు వద్దు

చిన్నీ,

పిన్ని వాళ్ల ఇంటికి దగ్గరని ఆ న్యూజెర్సీ హాస్పిటల్‌నే నీ సైకాలజీ ఇంటర్న్‌షిప్ కోరికల లిస్టులో మొదట పెట్టేస్తానన్నావు నిన్న ఫోన్లో. మీ అమ్మ పక్కనే ఉంది, ఆమె ముఖం వెలిగిపోతోంది. అందుకని అప్పుడేమీ అనలేదు.

రిటైరైనా లెక్కల మాస్టర్నే కదా, మీ లిస్టులనూ ఆసుపత్రుల లిస్టులనూ జత కలిపే ఆ 'మ్యాచ్' ఎలా నడుస్తుందో కూర్చుని చదివాను. 1999కి ముందు ఫిబ్రవరిలో ఒక రోజు పెట్టుకుని, ఆ కొద్ది గంటల్లో ఫోన్ల మీదే ఇంటర్న్‌షిప్‌లు ఇచ్చేవారట. పాపం, ఆ పిల్లలు ఫోన్ పక్కనుంచి కదిలి ఉండరు. ఇప్పుడా పని కంప్యూటర్‌ది. దాని వెనకున్న లెక్కకు 1962లో పునాది వేసింది గేల్, షాప్లీ అనే ఇద్దరు లెక్కల పండితులు. షాప్లీకి, ఆ లెక్కను నిజం కొలువుల్లోకి తెచ్చిన రాత్‌కి 2012లో ఎకనామిక్స్ నోబెల్ ఇచ్చారు. మొదట్లో గేల్, షాప్లీ దాన్ని పెళ్లి సంబంధాలతో వివరించారట. ఈ ముక్క మీ అమ్మకు ఇంకా చెప్పలేదు.

నువ్వు ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టిన రాత్రి గుర్తుందా? అక్కడ కాలేజీకి నీ ర్యాంకు తప్ప నీ గురించి ఏ అభిప్రాయమూ లేదు. ఇక్కడ ఆసుపత్రి కూడా మిమ్మల్ని వరసలో రాస్తుంది. కంప్యూటర్ ముందుగా నీ మొదటి కోరిక చూస్తుంది. అక్కడ ఖాళీ ఉంటే నిన్ను తాత్కాలికంగా కూర్చోబెడుతుంది. వాళ్ల వరసలో నీకన్నా పైన ఉన్నవాళ్లు ఎవరైనా వస్తే నిన్ను లేపి నీ రెండో చోటుకు తీసుకెళ్తుంది. అక్కడ కూడా నువ్వు ఆ చోటును రెండోదిగా రాశావన్నది పట్టించుకోదు, వాళ్ల లిస్టులో నువ్వెక్కడున్నావన్నదే చూస్తుంది. అంటే, దొరకదేమో అనిపించే చోటు పైన పెట్టినంత మాత్రాన కింది చోటు చేజారదు. వాళ్లు నిన్ను ఎన్నోదిగా రాశారో ఊహించే తలనొప్పి కూడా వద్దు. ఆ సంగతి వాళ్లు ముందే చెప్పకూడదు, నువ్వు అడగనూ కూడదని రూల్ ఉందిగా. ఎక్కడికి వెళ్లాలని ఉందో ఆ వరసే రాయి. అసలు వెళ్లకూడదనుకున్న చోటు రాయనే వద్దు, ఎందుకంటే వచ్చాక కాదనడానికి లేదు.

అసలే నీ దారి ఇరుకు. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో బోలెడు ఇంటర్న్‌షిప్‌లున్నా అమెరికా పౌరసత్వం ఉంటేగానీ తీసుకోరు. వీసా మీద ఉన్నవాళ్లకు తలుపులు తక్కువ. ఉన్న వాటిలో మా మాట కోసం ఇంకొకటి మూసుకోవడం ఎందుకమ్మా?

ఇంటర్వ్యూలయ్యాక నువ్వు గంటసేపు మాట్లాడింది ఆ చలి ఊళ్లోని స్టేట్ హాస్పిటల్ గురించి. స్కిజోఫ్రినియాతో ఏళ్ల తరబడి లోపలే ఉన్నవాళ్లతో అక్కడ గ్రూపులు ఎలా నడుపుతారో చెప్పావు. నీ పేషెంట్ల సంగతి మాకు ఎప్పుడూ చెప్పవు, చెప్పకూడదనీ తెలుసు. కానీ ఆ రోజు నీ గొంతు వేరుగా ఉంది. న్యూజెర్సీ గురించి చెప్పింది పిన్ని వాళ్ల గెస్ట్ రూమ్ ఒక్కటే.

"అంత పిచ్చాసుపత్రిలో ఆడపిల్ల ఒక్కతే" అని మీ అమ్మ భయం. ఆ మాట అనొద్దని నువ్వు ఎన్నిసార్లు చెప్పినా నోట్లోంచి వచ్చేస్తుంది, ఏమనుకోకు. ఏడాది పాటు ఫుల్ టైమ్ ఇంటర్న్‌షిప్ చేస్తేగానీ డాక్టరేట్ చేతికి రాదని, పైన సూపర్‌వైజర్ ఉంటారని వివరించాను. సగం వింది. మిగతా సగం నువ్వు చెప్పు, నా మాటకన్నా నీ మాట నమ్ముతుంది.

చుట్టాలు "ఇన్నేళ్లేం చదువు" అంటున్నారు. అననీ. పీహెచ్‌డీ అంటే థీసిస్సొక్కటే అనుకుంటారు, దాంతోపాటు క్లినిక్‌లో ఎన్ని గంటలు కూర్చోవాలో వాళ్లకెవరు చెప్పారు?

పిన్నితో నేను మాట్లాడతాను. ఏడాదిలో ఒకసారి వాళ్లింటికి వెళ్లిరా, చాలు. లిస్టు పంపేముందు నాకు చూపించనక్కర్లేదు. పంపేశాక మాత్రం ఒక మెసేజ్ పెట్టు. రిజల్ట్ రోజు మాకు ఎంత రాత్రయినా సరే, మెసేజ్ కాదు, ఫోన్ చెయ్యి.

మీ నాన్న