ఎమర్జెన్సీలో ఇంకొక్క ట్యూబు రక్తం: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఎమర్జెన్సీ వార్డులో డ్యూటీ డాక్టర్ని. ఆమధ్య ఒకాయన ఆయాసంతో వచ్చాడు. మాట పూర్తి చేయడానికి ఊపిరి చాలడం లేదు. తేలింది న్యూమోసిస్టిస్ న్యుమోనియా. మామూలుగా సీడీ4 కణాలు, అంటే రోగాలతో పోరాడే తెల్లరక్తకణాలు, మైక్రోలీటరు రక్తంలో 200 కంటే తగ్గినవాళ్లను పట్టుకునే ఊపిరితిత్తుల జబ్బు అది. హెచ్‌ఐవీ ఉందని ఆయనకూ మాకూ ఆ రోజే తెలిసింది.

పాత చీటీలు తిరగేశాను. ఏడాదిన్నరలో మూడుసార్లు మా దగ్గరికే వచ్చాడు. ఒకసారి జ్వరం, ఒకసారి నడుం చుట్టూ సర్పి, ఒకసారి బరువు తగ్గుతున్నానని. మూడుసార్లూ రక్తం తీశాం. షుగర్, హిమోగ్లోబిన్ చూశాం. హెచ్‌ఐవీ ఒక్కటీ చూడలేదు. ఒక చీటీ మీద సంతకం నాదే.

అనుమానం వస్తేనే ఈ టెస్టు రాస్తున్నాం. అరవై దాటిన ఆవిడ మీద, పక్కన భార్యాపిల్లలున్న మనిషి మీద మాకు అనుమానం రాదు. వచ్చినా అడగడానికి నోరు రాదు. అడిగితే, ‘నన్నేమనుకుంటున్నారు?’ అని వాళ్లకు కోపం. ‘ఇక్కడ రక్తం తీసే పెద్దవాళ్లందరికీ చేస్తాం, వద్దంటే మానేస్తాం’ అనగలిగితే ఆ గొడవే ఉండదు. అమెరికాలో వ్యాధుల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ 2006లోనే 13 నుంచి 64 ఏళ్ల వాళ్లకు ఇలా చేయమంది. ఇంగ్లండ్‌లో హెచ్‌ఐవీ బాగా ఎక్కువున్న ప్రాంతాల ఎమర్జెన్సీల్లో 2022 నుంచి చేస్తున్నారు. సూది ఎలాగూ గుచ్చుతున్నాం, ఇంకో ట్యూబు నింపడమే.

చెప్పకుండా చేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. రిపోర్టు కేస్ షీటుకు క్లిప్పు పెట్టి బెడ్డు దగ్గర వేలాడదీయడానికీ ఒప్పుకోను.

అసలు చిక్కు తర్వాతే ఉంది. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు గంటల్లో వెళ్లిపోతారు, రిపోర్టు ఆ తర్వాత వస్తుంది. అప్పుడు ఫోన్ చేసేదెవరు? నిర్ధారణ పరీక్షకు పిలిపించి, పక్కన కూర్చుని, రోజూ మందులు వేసుకుంటే వైరస్ రక్తంలో కనిపించనంతగా తగ్గుతుందని, అలా ఉన్నంతకాలం లైంగికంగా ఇంకొకరికి అంటదని చెప్పేదెవరు? రాత్రి డ్యూటీలో ముప్పైమందిని చూసే నేనైతే కాదు. నెగెటివ్ వచ్చినవాళ్లకూ ఒక మాట చెప్పాలి. సోకిన కొత్తలో ఈ టెస్టులో తేలకపోవచ్చు, ల్యాబ్ టెస్టుకే ఒక్కోసారి 45 రోజుల దాకా పడుతుంది.

అందుకే కిట్లు మాత్రమే పంపకండి. ప్రతి ఎమర్జెన్సీకీ ఈ పని మీదే ఉండే ఒక కౌన్సెలర్ పోస్టు కూడా అదే ఉత్తర్వులో రాయండి.

ఇట్లు,
ఒక ఎమర్జెన్సీ డాక్టర్