చుట్టరికం లేని పిల్లలకు స్కోరే ఆధారం

సంపాదకుడు గారికి,

అమెరికా పెద్ద కాలేజీల్లో సీట్ల మాట వచ్చిన ప్రతిసారీ, ప్రవేశాలకు చూసే పరీక్ష అయిన శాట్‌ను డబ్బున్నవాళ్ల పరీక్ష అని తీసిపారేస్తున్నారు. కోచింగ్ కొనుక్కోగలిగిన ఇళ్లలో స్కోర్లు ఎక్కువ వస్తాయన్నది నిజమే. మరి స్కోర్లు సమానంగా ఉన్నప్పుడు ఏం జరుగుతోంది? ఎనిమిది పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల కూటమి ఐవీ లీగ్‌తో కలిపి 12 సంస్థల లెక్కలను ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2023లో బయటపెట్టింది. ఒకే స్కోరు తెచ్చుకున్నా, మధ్యతరగతి పిల్లల కంటే అత్యంత సంపన్నులైన ఒక శాతం కుటుంబాల పిల్లలకు వాటిలో చేరే అవకాశం రెండింతలకు పైగా ఉంది. సీట్లు ఇచ్చేటప్పుడు ఆ సంపన్నులకు దొరికే అదనపు అవకాశంలో దాదాపు సగం లెగసీ వల్లే, అంటే అమ్మో నాన్నో అక్కడ చదివారని చూపే మొగ్గు వల్లే. అదే 2023లో అమెరికా సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని ఆపించింది. లెగసీ మాత్రం అలాగే ఉండిపోయింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది డార్ట్‌మత్ కాలేజీ సంగతి. కరోనా రోజుల్లో స్కోరు పంపడం, పంపకపోవడం పిల్లల ఇష్టానికే వదిలేశారు. పేద పిల్లలకు మేలు చేస్తున్నామనే అనుకున్నారు. తీరా 2024లో చూస్తే, అలాంటి పిల్లలు కొందరు 1600కు 1400 పైచిలుకు తెచ్చుకుని కూడా, చాలదేమోనన్న భయంతో స్కోరు దాచుకున్నారని తేలింది. వాళ్ల స్కూళ్ల పరిస్థితిని బట్టి చూస్తే అది గొప్ప స్కోరు, పంపి ఉంటే కలిసొచ్చేదే. ఆ ముక్క చెప్పడానికి ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్లు ఉండాలి కదా! డార్ట్‌మత్ మళ్లీ పరీక్షను తప్పనిసరి చేసింది.

అమెరికాలో స్థిరపడ్డ మన కుటుంబాల్లో, లెగసీ రేపు మా పిల్లలకూ పనికొస్తుందిలే అనుకునేవాళ్లున్నారు. నేను అలా అనుకోలేను. తమకు అక్కడ ఏ చుట్టరికం లేని రోజుల్లో, కేవలం చదువును నమ్ముకుని వచ్చినవాళ్లు ఈ మాట ఎలా అనగలరు?

ఇది మార్చలేనిదేం కాదు. లెగసీ చూడని ఎమ్ఐటీ 2022లోనే శాట్‌ను తిరిగి తెచ్చింది. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ లెగసీని వదిలేసింది. ప్రైవేటు యూనివర్సిటీల్లోనూ లెగసీ, విరాళాల మొగ్గు కూడదని కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలూ ఆ పని చేయాలి. శాట్ ఎత్తేయమని అడిగేవాళ్లు, ముందుగా దరఖాస్తులో తల్లిదండ్రులు ఎక్కడ చదివారో రాయమనే గడిని తీసేయమని అడగాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు