అన్సు మళ్ళీ గోల్ కొట్టాడ్రా!

ఒరేయ్,

నీ ఉత్తరానికి జవాబు రాయడం చాలా ఆలస్యమైంది. తిట్టుకుంటూనే ఉంటావని తెలుసు. తిట్టడం అయ్యాక ఇది తీరిగ్గా చదువు. మామూలు కబుర్లు ముందే గబగబా చెప్పేస్తాను. ఇంట్లో అందరూ కులాసా. నాన్న కంటి ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు పేపర్లో చిన్నక్షరాలు కూడా నాకే చదివి వినిపిస్తున్నారు. ఆఫీసులో టీమ్ మారాను. నువ్వడిగిన కాగితాలు దొరికాయి, విడిగా పంపుతాను. అంతే, ఇంకేం లేవు.

ఇప్పుడు అసలు సంగతి. అన్సు ఫాతి ఆదివారం రెండు గోల్స్ కొట్టాడు!

ఫ్రెంచ్ లీగ్‌లో మొనాకో తరఫున, మెట్జ్ మీద. బార్సిలోనా వాడిని అక్కడికి లోన్ మీద, అంటే కొంతకాలం ఆడమని పంపిందిగా. సబ్‌స్టిట్యూట్‌గా దిగి రెండు. మొనాకో 5-2తో గెలిచింది. అంతకుముందు గురువారం, అంటే 2025 సెప్టెంబర్ 18న, ఛాంపియన్స్ లీగ్‌లో (యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ) క్లబ్ బ్రూజ్ మీద మొనాకోకి వాడి మొదటి మ్యాచ్. టీమ్ 4-1తో చిత్తుగా ఓడింది, ఆ ఒక్క గోలూ చివర్లో వచ్చి వీడు కొట్టిందే. ఓడిన మ్యాచ్‌లో గోల్‌కి అంత సంబరమేంటని ఇంట్లోవాళ్ళు అడిగారు. వాళ్ళకి ఏం చెప్పను? నీకైతే చెప్పక్కర్లేదు. పచ్చ డైరీ తీసి తారీఖు రాసుకో. మూడో పేజీ, కింద నుంచి రెండో గడి. ఆ గడి ఎందుకు ఖాళీగా ఉంచామో మనిద్దరికే తెలుసు.

గడియారం మావయ్యకి కూడా చెప్పు. "వాడి టైమ్ అయిపోయిందోయ్" అని ఎన్నిసార్లు అన్నాడు!

నాకింకా కళ్ళముందే ఉంది రా ఆ 2019. ఆగస్టు 25న బార్సిలోనా తరఫున మొదటిసారి బెటిస్ మీద దిగాడు, వయసు 16 ఏళ్ళ 298 రోజులు. వారం తిరక్కుండా ఒసాసునా మీద తలతో గోల్. బార్సిలోనాకి లీగ్‌లో అంత చిన్న వయసులో అప్పటిదాకా ఎవరూ గోల్ కొట్టలేదు. ఆ తర్వాత వలెన్సియా మ్యాచ్, క్యాంప్ నౌలో మొదటిసారి తుది జట్టులో పేరు. రెండో నిమిషంలో తోటి ఆటగాడు డి యాంగ్ పక్క నుంచి బంతి ఇచ్చాడు, వీడు ఆపను కూడా ఆపకుండా కొట్టేశాడు. ఏడో నిమిషంలో వీడు ఎడమ పక్కన డిఫెండర్‌ని దాటుకుని వెళ్ళి, డి యాంగ్‌కి బంతి పెట్టి గోల్ కొట్టించాడు. ఏడు నిమిషాలు! నువ్వు అప్పుడే లేచి నిలబడి "ఇంక కూర్చోను" అన్నావు, నిజంగానే మ్యాచ్ అయ్యేదాకా కూర్చోలేదు.

డిసెంబర్ 10, సాన్ సిరో, ఇంటర్ మీద. చివరి ఐదు నిమిషాలకి దింపారు. సువారెజ్‌కి బంతి ఇచ్చి, తిరిగి అందుకుని, బాక్స్ అంచు నుంచి నేలబారుగా కొట్టాడు. 17 ఏళ్ళ 40 రోజులకి ఛాంపియన్స్ లీగ్‌లో గోల్ కొట్టిన అతి పిన్న వయస్కుడు అయ్యాడు. ఒక మాట చెప్పనా? వీడి తర్వాత బార్సిలోనాలోనే లామిన్ యమాల్ వచ్చి ఎన్ని రికార్డులు చెరిపేశాడో నీకు తెలుసు. కానీ ఇది మాత్రం వాడికీ అందలేదు. యమాల్ మొదటి ఛాంపియన్స్ లీగ్ గోల్ 17 ఏళ్ళ 68 రోజులకి, అదీ ఎక్కడనుకున్నావ్? మొనాకో గ్రౌండ్‌లోనే! ఇప్పుడు అన్సు ఆడుతున్న ఆ గ్రౌండ్‌లోనే. నిన్న రాత్రి ఇది తట్టగానే నిద్ర ఎగిరిపోయింది. అప్పుడే నీకు ఫోన్ చేద్దామనుకున్నాను గానీ టైమ్ చూసి ఆగాను.

సరే, బాధ సంగతికి వస్తాను. దాన్ని దాటేసి వెళ్ళడం నావల్ల కాదు.

2020 నవంబర్ 7. మళ్ళీ బెటిసే. వాడు ఆ సీజన్ ఎంత బాగా మొదలుపెట్టాడు! సెప్టెంబర్‌లో స్పెయిన్ తరఫున ఉక్రెయిన్ మీద గోల్ కొట్టి 1925 నాటి రికార్డు చెరిపేశాడు. బెటిస్ మ్యాచ్‌లో బాక్స్‌లోకి దూసుకెళ్తుంటే బెటిస్ డిఫెండర్ మాండి కాలు అడ్డం పెట్టాడు. పెనాల్టీ ఇచ్చారు. గ్రీజ్‌మన్ కొట్టిన ఆ పెనాల్టీ గోల్ కాలేదు, అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. వీడు లేచాడు, కాస్త కుంటాడు, మళ్ళీ ఆడాడు. ఇంటర్వెల్ తర్వాత వీడి బదులు మెస్సీ దిగాడు. మెస్సీ దిగాక ఆట మారింది, 5-2తో గెలిచారు. మనం కూడా గెలిచాం గెలిచాం అని అరుస్తూనే ఉన్నాం. ఎడమ మోకాలిలో మెనిస్కస్ చిరిగిందని ఆ తర్వాత గానీ తెలియలేదు.

ఇక్కడ నీకు ఒక విషయం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈమధ్య దీని గురించి తెగ చదివాను. మన పెద్దవాళ్ళు మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది అంటారు చూడు, ఆ గుజ్జు వేరు, ఇది వేరు. మెనిస్కస్ అంటే తొడ ఎముకకీ కాలి ఎముకకీ మధ్య మెత్తలాగా ఉండే పొర. మన బరువులో చాలా భాగం, గెంతినా తిరిగినా, అదే మోస్తుంది. చిరిగితే దారులు రెండు. కుట్టు వేయొచ్చు, లేదా చిరిగిన ముక్క కోసి తీసేయొచ్చు. కోసి తీసేస్తే త్వరగా గ్రౌండ్‌లోకి రావచ్చు గానీ జీవితాంతం ఆ మోకాలికి ఆసరా తగ్గుతుంది. కుట్టు వేస్తే మెత్త మిగులుతుంది, కానీ దాని లోపలి భాగానికి రక్తం సరిగా అందదు, అందుకని అతుక్కోవడానికి చాలా రోజులు పడుతుంది, ఒక్కోసారి అతుక్కోదు కూడా. వీడికి అప్పుడే 18 నిండాయి. ఇంకో పదిహేనేళ్ళు ఆడాల్సిన మోకాలు. కుట్టే వేశారు, నాలుగు నెలలన్నారు. ఎవరైనా అదే చేసేవాళ్ళు, నేనైతే వాళ్ళని ఒక్క మాట అనను.

కానీ అది అతకలేదు. మళ్ళీ ఆపరేషన్, మళ్ళీ. మొత్తం నాలుగు. ఆఖరిది 2021 మేలో, పోర్చుగల్‌లో. యూరో కప్ పోయింది, ఒలింపిక్స్ పోయాయి. ఆ వేసవిలో ఆ రెండింట్లోనూ వాడి బార్సిలోనా జోడీ పెడ్రీ ఆడుతుంటే చూసి ఎంత సంతోషించామో, మధ్యలో ఎంత... సరే, ఆ రోజు నువ్వు టీవీ ముందు నుంచి లేచి వెళ్ళిపోయావు. నేనేం అడగలేదు.

పెడ్రీ అంటే గుర్తొచ్చింది. ఆ ఒక్క సీజన్‌లో వాడు 70కి పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఆ తర్వాత తొడ వెనక కండరం పట్టేయడం, తగ్గడం, మళ్ళీ పట్టేయడం. 2023 నవంబర్‌లో గావీ మోకాలి లిగమెంట్ తెగింది. ముగ్గురూ ఒకే క్లబ్ పిల్లలు. పదహారు, పదిహేడు, పద్దెనిమిదేళ్ళ ఒళ్ళు, ఇంకా కుదురుకోని ఎముకలు, కండరాలు. కుర్రాడు బాగా ఆడాడని ప్రతి మ్యాచ్‌లో దింపుతారు. అలిసిపోయాడంటే వింతగా చూస్తారు. దీని మీద నాకు నిజంగా కోపం రా. కోచ్‌కి వచ్చే ఆదివారం గెలవాలి, జాతీయ జట్టుకి ఆ పై వారం గెలవాలి. కుర్రాడి పదేళ్ళ తర్వాతి సంగతి ఎవరి పని? ఇంట్లోవాళ్ళదా? ఏజెంట్‌దా? దీని మీద చాలా ఉంది చెప్పడానికి, కలిసినప్పుడు.

ఇప్పుడు లెవాంతే మ్యాచ్. నీకు ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. 2021 సెప్టెంబర్ 26. మెస్సీ ఆగస్టులోనే వెళ్ళిపోయాడు. పదో నంబర్ చొక్కా ఎవరికిస్తారా అని ప్రపంచమంతా చూస్తుంటే, దాదాపు పది నెలలుగా ఒక్క మ్యాచ్ కూడా ఆడని ఈ కుర్రాడికి ఇచ్చారు. అది అభిమానమా, భారమా? రెండూ అనే అనుకుంటాను. ఆ రోజు పది నిమిషాలు మిగిలుండగా దింపారు. అప్పటికే రెండు గోల్స్ ఆధిక్యం, గ్రౌండంతా వీడి పేరే. ఇంజురీ టైమ్‌లో బంతి అందింది. ముందుకు తోసుకుంటూ వెళ్ళాడు, డిఫెండర్లు వెనక్కి వెనక్కి తగ్గారు, వీడి పాదం బంతికి రెండు వేళ్ళ దూరం కూడా దాటలేదు. బాక్స్ అంచున ఒక్క దెబ్బ. లోపల! వాడు పరిగెత్తింది కెమెరాల వైపు కాదు. గ్యాలరీలో ఉన్న తన వాళ్ళ దగ్గరికి, తనకి వైద్యం చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్ళి కౌగిలించుకున్నాడు. పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి ఆ క్షణంలో ముందు డాక్టర్ గుర్తొచ్చాడు చూడు. నేను వాడి మనిషినయిపోయింది అక్కడే.

ఆ అక్టోబర్‌లో 2027 దాకా కాంట్రాక్ట్, అందులో విడుదల ధర, అంటే మధ్యలో వేరే క్లబ్ వాడిని తీసుకెళ్ళాలంటే కట్టాల్సింది, వంద కోట్ల యూరోలు. నవంబర్‌లో సెల్టా మీద గోల్ కొట్టాడు, అదే మ్యాచ్‌లో తొడ కండరం పట్టేసి బయటికొచ్చాడు. జనవరిలో సూపర్ కప్‌లో రియల్ మాడ్రిడ్ మీద తలతో గోల్, వారం తర్వాత అథ్లెటిక్ మీద మళ్ళీ అదే గాయం. ఈసారి కత్తి పెట్టనివ్వలేదు, ఆపరేషన్ లేకుండానే నయం చేసుకుంటానన్నాడు. అప్పుడు పేపర్లన్నీ మొండివాడన్నాయి. నాలుగుసార్లు మోకాలు కోయించుకున్న పిల్లాడు ఐదోసారి వద్దంటే దాన్ని మొండితనం అంటారా?

ఆ తర్వాత బ్రైటన్‌కి లోన్. తిరిగొచ్చాక బార్సిలోనా కోచ్ ఫ్లిక్ దగ్గర బెంచీ, ఒక్కోసారి బెంచీ కూడా కాదు. ఈ జూలైలో పదో నంబర్ యమాల్‌కి ఇచ్చేశారు. సరైన నిర్ణయమే, యమాల్ దానికి తగినవాడే. అయినా ఆ ఫొటో చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

బోయాన్ గుర్తున్నాడా? నీ పాత హీరో, వాడూ బార్సిలోనా కుర్రాడే. 17 ఏళ్ళ 19 రోజులకి లీగ్‌లో దిగాడు, మొదటి సీజన్‌లోనే పది లీగ్ గోల్స్. 2008లో స్పెయిన్ జట్టుతో యూరో కప్‌కి వెళ్ళలేదు, మనమంతా ఏదో పొగరనుకున్నాం. చాలా ఏళ్ళ తర్వాత వాడే చెప్పాడు, అది టెన్షన్ అని. మామూలు టెన్షన్ కాదు, కళ్ళు తిరిగి నిలబడలేనంత. వాడికి మనసు, వీడికి మోకాలు. ఇద్దరినీ ఒకే మాట అన్నారు, "వృథా అయిపోయిన ప్రతిభ". ఆ మాట వింటే ఒళ్ళు మండిపోతుంది రా. వృథా చేసుకున్నవాడు ఎవడు? వీడు తాగి తిరిగాడా, ప్రాక్టీసు ఎగ్గొట్టాడా?

ఓడెగార్డ్ సంగతి నువ్వే నాకు చెప్పావు. 15 ఏళ్ళకే నార్వే తరఫున ఆడి, 16 ఏళ్ళకే రొనాల్డో బదులు రియల్ మాడ్రిడ్ తరఫున దిగి, ఆ తర్వాత ఎన్నేళ్ళు హీరెన్‌వీన్, వితెస్, సోసియెడాడ్ అని లోన్ మీద తిరిగాడు! అప్పుడు వాడినీ అయిపోయాడన్నారు. 2022లో ఆర్సెనల్ కెప్టెన్ అయ్యాడు, 23 ఏళ్ళకి. అన్సుకి అక్టోబర్ 31న 23 నిండుతాయి. వార్డీ 27 ఏళ్ళు వచ్చాక గానీ ప్రీమియర్ లీగ్‌లో కాలు పెట్టలేదు. మరి వీడిని ముసలివాడిని చూసినట్టు చూస్తారేంటి?

ముందులాగే ఆడతాడని నేననను. పదిహేడేళ్ళప్పటి ఆ మొదటి మూడు అడుగుల వేగం తగ్గింది, మెట్జ్ మ్యాచ్ చూస్తుంటేనే తెలుస్తోంది. కానీ బాక్స్‌లో ఎక్కడ నిలబడాలో ఆ తెలివి ఎక్కడికీ పోలేదు. బంతి రాకముందే ఎటు కొట్టాలో చూసేసుకుంటాడు, వచ్చాక ఒక్క టచ్. ఈ గోల్స్ అన్నీ అలాంటివే. లోన్ అయ్యాక మొనాకో వాడిని కొనుక్కునే అవకాశం కాంట్రాక్ట్‌లో ఉంది. కొంటారా లేదా అన్నది పక్కన పెట్టు, నాకు కావాల్సింది వాడు వారం వారం ఆడటం. డిసెంబర్ దాకా గాయం లేకుండా ఉంటే చాలు, ఆ పైన...

అమ్మ పిలుస్తోంది, నాన్నని చెకప్‌కి తీసుకెళ్ళాలి. ఇంకా పోగ్బా గురించి రాయాలనుకున్నాను, వాడూ ఇప్పుడు మొనాకోలోనే ఉన్నాడు కదా, అది ఇంకో పెద్ద కథ. తర్వాత రాస్తాను. శనివారం లోరియాంతో మ్యాచ్, అక్టోబర్ 1న మాంచెస్టర్ సిటీ. సిటీ మ్యాచ్‌కి నువ్వు మేలుకునేట్టయితే ముందే చెప్పు, ఇంటర్వెల్‌లో ఫోన్ చేస్తాను. కిందటిసారిలా ఫోన్ సైలెంట్‌లో పెట్టకు. నాన్న చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు, వెళ్తున్నా.

నీ,
తొమ్మిదో నంబర్