భూమి, పదవి, కాస్తు కాలమ్: మన సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మే నెలలో మీ చేతికి రావలసిన నివేదిక ఇప్పుడు వస్తోంది. ఆలస్యానికి బాధ్యత నాదే. ఏప్రిల్ 14న భూభారతి (తెలంగాణ కొత్త భూ రికార్డుల చట్టం) అమల్లోకి వచ్చిన దగ్గరి నుంచి, భూమి దరఖాస్తులు రాసిపెట్టే మన శనివారం బల్ల ముందు వరుస మెట్ల దాకా పెరిగింది. సంచుల్లో, రేకు పెట్టెల్లో కాగితాలు మోసుకొచ్చిన వారిని కూర్చోబెట్టి నివేదిక రాసుకోవడం నా వల్ల కాలేదు.

ఏడాది మొదట్లో మనం 64 మందిమి, ఇప్పుడు 71. కొత్తగా చేరినవారిలో తొమ్మిది మంది కౌలు రైతులు. మొత్తం పెరిగింది ఏడుగురే కదా, తొమ్మిది మంది ఎలా అని కోశాధికారి అడిగారు. ఇద్దరు సభ్యులు అఫిడవిట్ల సమావేశం తర్వాత రావడం మానేశారు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఈ ఏడాది అధ్యయనాంశంగా ‘భూమి ఎవరిది, పదవి ఎవరిది’ అన్నది తీసుకున్నాం. అప్పుడే ఒకరు లేచి, రాజకీయాలు మనకెందుకు, జనానికి దరఖాస్తులు రాసిపెడితే చాలదా అన్నారు. ఇంకొకరు, ఆ దరఖాస్తులు డెబ్బై ఏళ్ళుగా ఎందుకు రాయవలసి వస్తోందో తెలుసుకోకుండా రాస్తే ఇంకో డెబ్బై ఏళ్ళు రాయాల్సిందే అన్నారు. రెండూ చేద్దామని తీర్మానించాం, చేశాం.

యాత్రలు

జూలై 4న కడవెండి వెళ్ళాం. 1946లో అదే రోజు విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ఊరు. వాన పట్టుకోవడంతో స్తూపం దగ్గర పావుగంట మాత్రమే నిలబడగలిగాం. సెప్టెంబరు 10న చాకలి ఐలమ్మ వర్ధంతికి పాలకుర్తి వెళ్ళాం. హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది కూడా ఆ రోజే. తిరుగు ప్రయాణంలో బస్సంతా ఆ కబురే.

సంతోషమే. కానీ ఒక మాట అందరం మరిచిపోతున్నామని అప్పుడే అనిపించింది. ఐలమ్మ సొంత భూమి కోసం పోరాడిందని మన పిల్లలు పాఠంలో చదువుతారు. ఆమె పట్టాదారు కాదు. మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు పట్టిన మనిషి. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి ఆ పొలాన్ని, ఆ పంటను ఎత్తుకుపోవాలని చూసినప్పుడు ఆమె నిలబడింది కౌలుదారుగా. కౌలుదారు పేరు మీద విశ్వవిద్యాలయం వచ్చింది, కౌలుదారుకు గుర్తింపు కార్డు రాలేదు అని మన కొత్త సభ్యుడొకరు వెనక సీట్లోంచి అంటే బస్సులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఖాస్రా పహాణీ చదివిన రోజులు

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇది. 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల పాత రెవెన్యూ రికార్డు) నకళ్ళు మూడు గ్రామాలవి సంపాదించాం. అన్నీ ఉర్దూలో ఉన్నాయి. మన సభ్యుల్లో ఉర్దూ లిపి తడుముకోకుండా చదవగలిగినవారు ఒక్కరే, ఎనభై దాటిన విశ్రాంత ఉపాధ్యాయులు. ఆయన భూతద్దం పట్టుకుని చదువుతుంటే ఇద్దరం తెలుగులో ఎక్కించుకున్నాం. పట్టేదారు (పట్టా ఉన్నవారు), షిక్మీదారు (ఆ భూమిలో హక్కు పంచుకునేవారు), ఆసామీ షిక్మీ (కౌలుదారు), కాబిజ్ (స్వాధీనంలో ఉన్నవారు). పొలం మీద ఎన్ని రకాల మనుషులుంటారో అప్పటి రెవెన్యూ వారికి బాగా తెలుసు. ఎవరి పేరున పట్టా ఉందో ఒక గడిలో, ఎవరు దున్నుతున్నారో ఇంకో గడిలో. ఈ రెండో గడినే మనం కాస్తు కాలమ్ అంటాం.

ఒక గ్రామపు నకలులో నలభై ఆరో సర్వే నంబరు ఎదుట కాస్తు గడిలో ఒక పేరు కొట్టేసి, పక్కన వేరే సిరాతో పట్టాదారు కొడుకు పేరు రాసి ఉంది. సంతకం లేదు, తేదీ లేదు. మాస్టారు భూతద్దం దించి, ‘కొట్టేసిన పేరు చదవమంటారా, రాసిన పేరా?’ అని అడిగారు.

ఆ కొట్టివేతకు వెనక చట్టం ఉంది. 1950 హైదరాబాదు కౌలు చట్టం, వరుసగా ఆరేళ్ళు సాగు చేసినవారిని రక్షిత కౌలుదారులుగా గుర్తించింది. తర్వాతి సవరణతో వచ్చిన 38-ఇ సెక్షన్ వారికి యాజమాన్యమే ఇస్తానంది. అంటే కాస్తు గడిలో పేరుంటే రేపు భూమి వారిదవుతుంది. ఆ సంగతి దొరలకు కౌలుదార్లకన్నా ముందే తెలిసింది. జాగీరు రద్దు, కౌలు చట్టాల ఫలితాలను 1950ల్లో పరిశీలించిన ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో లెక్క ప్రకారం, 1951 నాటి రక్షిత కౌలుదార్లలో నాలుగేళ్ళలోపే సగానికి పైగా ఆ హోదాలో లేరు. కొందరు భూమి కొనుక్కున్నారు. అక్రమంగా వెళ్ళగొట్టినవారు 22 శాతం. ‘స్వచ్ఛందంగా’ వదులుకున్నవారు దాదాపు 18 శాతం. ఆ ‘స్వచ్ఛందం’ మీద మన గదిలో గంటసేపు వాదన నడిచింది. మా నాన్న అలాగే వదులుకున్నాడు, దొర గడీ (బంగళా) ముందు మూడు రోజులు కూర్చోబెట్టాక స్వచ్ఛందంగా వేలిముద్ర వేశాడు అని ఒక సభ్యుడు చెప్పాక వాదన ఆగింది.

సీలింగు చర్చ

నవంబరులో రెండు ఆదివారాలు దీనికే పోయాయి. వచ్చినవారు కూడా ఎప్పటికన్నా ఎక్కువ.

నేపథ్యం క్లుప్తంగా. సీలింగు అంటే ఒక కుటుంబం ఉంచుకోగల భూమికి చట్టం పెట్టిన పరిమితి. 1961 నాటి మొదటి సీలింగు చట్టం పేరుకే మిగిలింది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1972లో గట్టి బిల్లు తెచ్చారు. మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు, అయిదుగురి కుటుంబం ఒక యూనిట్. వంగర భూస్వామి ఇంటి మనిషే భూస్వాముల మీద చట్టం తేవడం శాసనసభలో చాలామందికి మింగుడుపడలేదు. ముల్కీ నిబంధనల (స్థానికులకే ఉద్యోగాలన్నవి) మీద తీర్పు, జై ఆంధ్ర ఉద్యమం, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన. పి.వి. పదవి పోయింది. చట్టం పుస్తకంలో 1973 సంవత్సరపు ఒకటో చట్టంగా చేరింది గానీ అమల్లోకి వచ్చింది 1975 జనవరి 1న, జలగం వెంగళరావు హయాంలో. పి.వి.ని దించింది సీలింగా, ముల్కీయా అన్న వాదన ఇంటింటా ఉన్నదే, మన గదిలోనూ తెగలేదు. నా మట్టుకు, ముల్కీ మంటకు కట్టెలు మోసినవారిలో సీలింగు భయం ఉన్నవారు తక్కువేమీ కాదు.

రెండో ఆదివారం మన సభ్యుడొకరు తమ తాతగారు 1975లో ట్రిబ్యునల్‌కు ఇచ్చిన డిక్లరేషన్ (తమకున్న భూమి వివరాల ప్రకటన) నకలు తెచ్చి అందరి ముందు పెట్టారు. ఊళ్ళో వారిది దొరల ఇల్లు. ఆయన తెగువకు సంఘం తరఫున కృతజ్ఞతలు. అందులో నలుగురు కొడుకులకు, ఇద్దరు తమ్ముళ్ళకు భూమి ఎలా పంచిపెట్టారో వరుసగా ఉంది. 1971 జనవరి 24 తర్వాతి బదిలీలు చెల్లవని చట్టం అంటే, పంపకం కాగితం మీద తేదీ 1969. వదులుకున్న 31 ఎకరాలు గుట్ట పక్క రాళ్ళనేల. ఏ ముక్క వదులుకోవాలో ఎంచుకునే అవకాశం చట్టమే యజమానికిచ్చింది మరి. ‘మా తాత చట్టాన్ని మీరలేదండీ, చదివాడు’ అన్నారాయన.

అసలు కథ పన్నెండెకరాల దగ్గర ఉంది. ఆ ముక్క ఇంట్లో జీతం ఉన్న మనిషి (పాలేరు) పేరున రాసి ఉంది. ఆయనకు ఆ సంగతి చచ్చేదాకా తెలియదు. 2017 రికార్డుల ప్రక్షాళనలో పాత పేరు పైకి తేలి, పట్టా పాస్ పుస్తకం మనవడి చేతికి వచ్చింది. తాత రాసిన దొంగ పేరు మనవడి కాలానికి నిజమైంది. వ్యవహారం కోర్టులో ఉంది కనుక ఊరి పేరు రాయడం లేదు.

ఉమ్మడి రాష్ట్రమంతటా సీలింగు కింద మిగులుగా తేలింది దాదాపు 8 లక్షల ఎకరాలు. పేదలకు చేరింది అందులో 6 లక్షలకు లోపే. ఇప్పుడు మళ్ళీ సీలింగు తగ్గించాలా అన్న ప్రశ్నకు మన గదిలో ఏకాభిప్రాయం రాలేదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, పంచడానికి ఏం మిగిలిందని కొందరు. సగటు లెక్కలో ఫామ్‌హౌసులు కనిపించవని కొందరు. మన న్యాయవాది సభ్యులు మాత్రం సీలింగు కన్నా కౌలు ముఖ్యమన్నారు. భూమి పంచకపోయినా దున్నేవారి పేరు రాయండి చాలు, మిగతాది వారే చూసుకుంటారని. నేను ఆయన పక్షమే.

కోస్తా ముచ్చట, అఫిడవిట్ల గొడవ

విజయనగరం వైపు వియ్యమందిన ఒక సభ్యురాలు డిసెంబరులో జమీందారీల గురించి మాట్లాడారు. మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రిగా పనిచేసిన బొబ్బిలి రాజా 1937లో సొంత గడ్డ మీద వి.వి. గిరి చేతిలో ఓడిపోవడం, తర్వాతి ఏడాది ప్రకాశం కమిటీ జమీందారీల మీద నివేదిక ఇవ్వడం ఆమె నోట వినవలసిందే. జమీందారీ రైతులను కదిలించిన ఎన్.జి. రంగా 1959 నాటికి స్వతంత్ర పార్టీ అధ్యక్షులై సీలింగును వ్యతిరేకించారు. జమీందారుకు ఎదురు నిలిచిన రైతుకు పాలేరు ఎదురు నిలిస్తే వేరే సంగతి అని ఆమె నవ్వారు.

జనవరిలో మన చుట్టుపక్కల నియోజకవర్గాల అభ్యర్థుల ఎన్నికల అఫిడవిట్లు తీసి చదివాం. సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యమా అని 2003 నుంచి సర్వే నంబర్లతో సహా ఎవరైనా చూడవచ్చు. వారసత్వమా, స్వార్జితమా అన్నది కూడా రాయాలి. దేశ్‌ముఖ్ తాత, పంచాయతీ సమితి అధ్యక్షుడైన తండ్రి, శాసనసభ్యుడైన కొడుకు అన్న వరుస అన్ని పార్టీల్లోనూ కనిపించింది. అయితే భూమి పడిన తీరు మారింది. తాతకు చెరువు కింద, కొడుక్కి రింగ్‌రోడ్డు పక్కన. వృత్తి గడిలో మాత్రం ఇప్పటికీ ‘వ్యవసాయం’. పేర్లు ఈ నివేదికలో రాయకూడదని కార్యవర్గం నిర్ణయించింది. అసలు చదవడమే తప్పని ఇద్దరు సభ్యులు అలిగి వెళ్ళారు. బహిరంగ పత్రాలు బహిరంగంగా చదివాం. వారు తిరిగి వస్తే కుర్చీలు అలాగే ఉన్నాయి.

శనివారం బల్ల

ఏడాదిలో 212 మంది వచ్చారు. సగానికి పైగా పార్ట్-బిలో (రికార్డుల ప్రక్షాళనలో వివాదాలున్నాయని పక్కన పెట్టిన జాబితాలో) చిక్కుకున్న భూములవారే. 2020 అక్టోబరులో ధరణి (ఆన్‌లైన్ భూ రికార్డుల పోర్టల్) వచ్చాక కాస్తు కాలమ్ పోయింది. రైతుబంధు, ఇప్పటి రైతు భరోసా డబ్బు ఎకరానికింత అని పట్టాదారు ఖాతాలోకి పోతుంది. ఎవరు దున్నారని ఆ కాగితం అడగదు. భూభారతి కింద అనుభవదారు (సాగులో ఉన్నవారి) కాలమ్ తిరిగి తెస్తామంటున్నారు. వచ్చాక దానిలో ఏ పేరు రాస్తారో చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలు కార్డు ఉంది గానీ దానికి యజమాని సంతకం కావాలి. గుంటూరు నుంచి వచ్చిన ఒక కౌలు రైతు, సంతకం అడిగితే ఆ ఏడు భూమే ఇవ్వలేదని మనకు చెప్పారు.

ఫిబ్రవరిలో ఒక అవ్వ 38-ఇ ధ్రువపత్రం తెచ్చింది. భర్త పేరున 1975లో ఇచ్చింది. పాత చీర ముక్కలో చుట్టి, దానిపైన పాలిథిన్, దానిపైన రబ్బరు బ్యాండు. మడత దగ్గర చిరిగిన చోట అన్నం మెతుకుతో అతికించి ఉంది. మూడెకరాల పద్దెనిమిది గుంటలు. పహాణీలో ఆ భర్త పేరు 1980 వరకు ఉంది, తర్వాత లేదు. ఎవరు తీశారో ఎక్కడా రాసి లేదు. అప్పటికి పట్వారీ దస్తరం పట్వారీ ఇంట్లోనే ఉండేది. 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యాక కట్టలు ఎక్కడికి చేరాయో వెతుకుతున్నాం. అవ్వ తరఫున అప్పీలు వేశాం. మొదటి వాయిదాకు ఫైలు రాలేదు, రెండో వాయిదాకు అధికారి బదిలీ అయ్యారు. మూడోది వచ్చే నెల 9న. ఆమెతో వెళ్ళడానికి ఇద్దరు కావాలి. పేర్లు నాకు ఇవ్వండి.

జమాఖర్చులు, ఇతరాలు

చందాలు, విరాళాలు కలిపి 48,600 రూపాయలు. ఖర్చు 51,250. ఎక్కువ భాగం నకళ్ళ రుసుములకు, జిరాక్సులకు, కడవెండి బస్సుకు పోయింది. లోటు అధ్యక్షులు సర్దారు, తిరిగి ఇవ్వాలి. లెక్కల పుస్తకం గదిలో ఉంది, ఎవరైనా చూడవచ్చు.

సర్వసభ్య సమావేశం ఈ నెలాఖరు ఆదివారం ఉదయం పదింటికి, ఎప్పటిలాగే గ్రంథాలయం పైగదిలో. ఖాస్రా నకళ్ళ మూడో గ్రామం ఇంకా సగం మిగిలింది. మాస్టారికి కంటి శస్త్రచికిత్స కావడంతో ఆయన దగ్గర కూర్చుని ఉర్దూ లిపి నేర్చుకోవడానికి కనీసం ఇద్దరు యువకులు ముందుకు రావాలని మనవి. పాత పహాణీల బీరువా రెండో తాళం చెవి ఎవరి దగ్గరుందో వారు ఆ రోజు దయచేసి వెంట తీసుకురావాలి.

కార్యదర్శి