తెరచాప విప్పి దించడానికి గాలి వచ్చేదాకా ఆగొద్దు

సంపాదకులకు నమస్కారం.

హరికేన్ తుఫాను వస్తుంటే ఊరంతా ఖాళీ చేసినా తన తెరచాప పడవ దిగకుండా కూర్చున్న ఒక పెద్దమనిషి ఫొటో ఈమధ్య మీ పత్రికలో చూశాను. కింద 'సాహసి' అని రాశారు. ఆయన బతికి బయటపడ్డాడు, సంతోషమే. కానీ ఫ్లోరిడా పడమటి తీరంలో పదకొండేళ్లుగా ఒక చిన్న తెరచాప పడవను సాకుతున్నవాణ్ని, ఆ మాట నాకు మింగుడు పడలేదు. గాలి మొదలయ్యాక పడవలో ఉన్న మనిషి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. చేయాల్సిందంతా రెండు మూడు రోజుల ముందే చేయాలి. అది చేయనివాళ్ల వల్ల పోయేది వాళ్ల పడవ ఒక్కటే అయితే నేనీ ఉత్తరం రాసేవాణ్ని కాదు.

గాలి వేగం రెండింతలైతే పడవ మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 35 మైళ్ల గాలికి తాళ్లు బాగానే ఆగాయి కదా అని ధీమాగా ఉంటే, 140 మైళ్ల గాలికి అవే తాళ్ల మీద పదహారింతల బరువు పడుతుంది. అందుకే కొత్త తాళ్లు కొనడానికి పరిగెత్తేముందు గాలికి దొరికేవాటిని తగ్గించుకోవాలి. తెరచాపలు, ఎండకు వేసుకున్న కాన్వాస్ పందిరి, సోలార్ పలకలు, డెక్ మీద కట్టిన చిన్న పడవ, అన్నీ విప్పి దించేయాలి.

చాలామంది బద్ధకించేది ముందు తెరచాప దగ్గర. ఈ కాలం పడవల్లో దాన్ని ముందువైపు ఉక్కు తీగ చుట్టూ చాప చుట్టినట్టు చుట్టేస్తాం. ఆ ఏర్పాటును ఫర్లర్ అంటారు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది కాబట్టి, పైన నాలుగు చుట్లు తాడు బిగించి 'ఇక చాల్లే' అని ఇంటికెళ్లిపోతారు. టేపు అంచును గోరుతో లేపినట్టు హరికేన్ గాలి ఆ చుట్టలో ఎక్కడో ఒక అంచు లేపుతుంది. ముందు అరచేతి వెడల్పు గుడ్డ, కాసేపటికి మొత్తం తెరచాప. డాక్‌కు కట్టేసిన పడవ, తెరచాప ఎత్తి హరికేన్‌లో ప్రయాణం మొదలుపెట్టినట్టే ఇక. గాలి లేని ఉదయం పూట దాన్ని విప్పి దించడం ఇద్దరు మనుషులకు అరగంట పని. గాలి లేచాక మాత్రం కుదరదు, ఎందుకంటే కిందకు దించాలంటే ముందు దాన్ని పూర్తిగా తెరవాలి!

2022 సెప్టెంబర్‌లో ఇయన్ హరికేన్ అప్పుడు నా పక్క పడవకు జరిగింది ఇదే. మాది టాంపా బే వైపు. ఇయన్ మాకు బాగా దక్షిణాన, కాయో కోస్టా దగ్గర తీరాన్ని తాకింది, కాబట్టి మాకు తగిలింది దాని కొంగు మాత్రమే. రోడ్లు తెరిచాక వెళ్లి చూస్తే ఆ పడవ ముందు తెరచాప పీలికలై వేలాడుతోంది. తాడు కట్టే క్లీట్ బోల్టులతో సహా డెక్‌లోంచి ఊడొచ్చింది. ఆ రంధ్రం చుట్టూ ఫైబర్‌గ్లాస్ కొబ్బరి పీచులా లేచి ఉంది. పడవ ముక్కు నా పడవ పక్కకు ఆనుకుని ఉంది, రాత్రంతా ఎన్నిసార్లు కొట్టిందో లెక్కలేదు. పాపం, ఆయన ఆ వారం ఊళ్లోనే లేడు. తన బదులు చూసుకోవడానికి ఎవరికీ చెప్పనూ లేదు.

నీళ్ల సంగతి ఇంకా చిత్రం. భూమి ఉత్తరార్ధంలో హరికేన్ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. దాంతో మా పడమటి తీరంలో దాని కన్నుకు, అంటే నడిబొడ్డుకు, దక్షిణాన గాలి ఒడ్డు వైపు, ఉత్తరాన సముద్రం వైపు వీస్తుంది. అందుకే ఇయన్ కన్నుకు దక్షిణాన ఉన్న ఫోర్ట్ మైయర్స్ బీచ్‌లో నేల మీద 10 నుంచి 15 అడుగుల నీరు నిలిస్తే, ఉత్తరాన ఉన్న మా దగ్గర గాలి నీళ్లనే బయటకు తోసేసింది. బే (అఖాతం) అడుగు తేలి, పడవలు బురదలో కూర్చున్నాయి. ఫోర్ట్ మైయర్స్ బీచ్‌లోనేమో రొయ్యల పడవలు ఒకదానిమీద ఒకటి ఒడ్డెక్కాయి. నీరు లేస్తుందో తగ్గుతుందో ముందే తేల్చి చెప్పలేనప్పుడు తాళ్లు పొట్టిగా బిగించి కట్టకూడదు. నీరు లేస్తే పడవను ఆ తాళ్లే కిందకు లాగి పట్టేస్తాయి. పొడవాటి తాళ్లను దూరంగా ఉన్న స్తంభాలకు, నాలుగు దిక్కులా సాలెగూడులా కట్టాలి. కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది కాబట్టి ఒక వైపే చూసుకుంటే సరిపోదు.

తాళ్లు ఎక్కువగా తెగేది రాపిడికి. పడవ అంచు మీద అవి ఒరుసుకునే చోట పాత ఫైర్ హోస్ ముక్కలు తొడిగితే మంచిది. రబ్బరు గొట్టం తొడగొద్దని నాకు నేర్పినాయన చెప్పాడు. నైలాన్ తాడు సాగి ముడుచుకునే కొద్దీ లోపల వేడెక్కుతుంది, గొట్టం లోపలికి వాన నీళ్లు వెళ్లక ఇంకా త్వరగా కరిగిపోతుంది. నేను నమ్మలేదు. తర్వాత ఒక తెగిన తాడు కొస చూశాను, కొవ్వొత్తిలా కరిగి గట్టిపడి ఉంది.

అన్నిటికన్నా మేలు పడవను ఒడ్డెక్కించి, మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం) దింపి, బెల్టులతో నేలకు కట్టేయడం. కానీ హరికేన్ పేరు వినగానే అందరికీ ఒకేసారి క్రేన్ గుర్తొస్తుంది. అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ 'వాచ్' (హరికేన్ రావచ్చనే హెచ్చరిక) ప్రకటించేది గంటకు 39 మైళ్ల గాలులు మొదలవడానికి సుమారు 48 గంటల ముందు, 'వార్నింగ్' (వస్తోందనే హెచ్చరిక) 36 గంటల ముందు. మాస్ట్ ఉన్న పడవ వెళ్లాలంటే ఎత్తే వంతెనలు తెరుచుకోవాలి, జనం ఊళ్లు ఖాళీ చేసే రోజుల్లో వాటిని మూసేస్తారు. 'వాచ్' వచ్చాక ఆలోచన మొదలుపెట్టేవాడికి మిగిలేది టెన్షనే.

పడవ ఓడరేవులో కన్నా సముద్రంలోనే భద్రం అనే మాట ఇంకా కొందరి నోట వింటుంటాను. 2012 అక్టోబర్‌లో శాండీ హరికేన్‌కు ఎదురెళ్లిన బౌంటీ అనే కర్ర నౌక నార్త్ కరొలైనా తీరానికి దూరంగా మునిగిపోయింది. 16 మందిలో 14 మందిని కోస్ట్ గార్డ్ హెలికాప్టర్లు కాపాడాయి. కెప్టెన్, మరో సిబ్బంది దక్కలేదు. ఆయన కోసం ఆ గాలిలో హెలికాప్టర్ ఎక్కినవాళ్లకూ ఇంట్లో పిల్లలుంటారు కదా. మీ ఫొటోలోని పెద్దమనిషికీ ఇదే వర్తిస్తుంది.

ఇక పక్కవాళ్ల నష్టం. 2020 సెప్టెంబర్‌లో శాలీ హరికేన్‌కు పెన్సకోలా దగ్గర ఇరవైకి పైగా బార్జీలు (బరువులు మోసే చదునైన పెద్ద పడవలు) తాళ్లు తెంపుకుని కొట్టుకుపోయాయి. కొన్ని కొత్త వంతెనను గుద్దాయి. మరుసటి ఏడాది మే నెల దాకా ఆ వంతెన మీద రాకపోకలు లేవు. అవి పెద్ద బార్జీలే, ఒప్పుకుంటాను. కానీ డాక్‌ల మధ్య ఒక ముప్పై అడుగుల పడవ ఊడితే నాలుగు పడవలను వెంటబెట్టుకుపోతుంది.

ఫ్లోరిడా చట్టంలో నాకు నచ్చిన ఒక నియమం ఉంది. వాచ్ గానీ వార్నింగ్ గానీ వచ్చాక 'నీ పడవ తీసుకుపో' అని మెరీనా (పడవలు కట్టుకునే రేవు) వాళ్లు, పెద్ద ఓడరేవుల్లో ఉన్నవాళ్లు తప్ప, బలవంతం చేయకూడదు. పడవ కోసం మనిషి ప్రాణం పోకూడదని పెట్టిన నియమం. యజమాని రాకపోతే మెరీనా వాళ్లే పడవను గట్టిగా కట్టి, దానికి సరైన రుసుము తీసుకోవచ్చని కూడా అందులో ఉంది. ఈ రెండో సగాన్ని వాడేవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు. హరికేన్ల సీజన్ జూన్ 1న మొదలవుతుంది. ఆ తేదీకల్లా మెరీనా వాళ్లు ప్రతి పడవ యజమాని నుంచి ఒక కాగితం తీసుకోవాలి: తెరచాపలు ఎవరు విప్పుతారు, ఏ తాడు ఏ స్తంభానికి, ఊళ్లో లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. అది ఇవ్వనివాళ్లకు ఆ ఏడాది చోటు ఇవ్వకపోయినా నాకు అభ్యంతరం లేదు. 'నా పడవ నా ఇష్టం' అనే మిత్రులకు ఇది నచ్చదని తెలుసు. ఇయన్ తర్వాత నా పడవ పక్కకు అతుకు వేయించుకున్నప్పుడు నాకూ చాలా విషయాలు నచ్చలేదు.

మీకు ఒక విన్నపం. వచ్చే మే నెలాఖరున ఇంకో ఫొటో వేయండి. తెరచాపలు, పందిరి తీసేసి, బోడి మాస్ట్‌తో, చుట్టూ సాలెగూడులా తాళ్లతో, లోపల ఒక్క మనిషీ లేని పడవ ఫొటో. చూడ్డానికి ఏమంత బాగోదు, కావాలంటే నా పడవదే పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
టాంపా బే, ఫ్లోరిడా