పరీక్ష గదిని ముందే చూడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయి వచ్చే మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రాయాలి. వాడికి ఆటిజం ఉంది. లెక్కలు చక్కగా చేస్తాడు. అయినా దసరా సెలవుల నుంచి ఒకటే ప్రశ్నలు: "సెంటర్ ఏ స్కూల్లో? అక్కడ ఫ్యాను చప్పుడు చేస్తుందా? బెల్లు ఎన్నిసార్లు కొడతారు?" హాల్ టికెట్ వచ్చేదాకా నేను మాత్రం ఏం చెప్పగలను? రాత్రిళ్లు కడుపునొప్పి అంటాడు. డాక్టరు చూసి కడుపులో ఏ జబ్బూ లేదన్నారు.

ఈమధ్య స్కూలు పరీక్షకు చివరి నిమిషంలో గది మార్చారు. వాడు గుమ్మం దగ్గరే ఆగిపోయి, పరీక్ష అట్టకున్న క్లిప్పు తెరుస్తూ మూస్తూ నిలబడ్డాడట. ఇన్విజిలేటరు భుజం పట్టి లోపలికి నెట్టేసరికి చెవులు మూసుకుని నేల మీద కూలబడ్డాడు. "మొండివాడమ్మా, గారాబం ఎక్కువైంది" అని నాకు చెప్పి పంపారు.

భయమేస్తోందని ఈ పిల్లల్లో చాలామంది నోటితో చెప్పలేరు. అడిగిందే అడుగుతారు, గోళ్ల పక్క చర్మం గిల్లుకుంటారు, బడికి రానంటారు. ముప్ఫైకి పైగా అధ్యయనాలను కలిపి పరిశీలించి 2011లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, ఆటిజం ఉన్న పిల్లల్లో, కౌమారుల్లో నూటికి దాదాపు 40 మందికి ఏదో ఒక ఆందోళన రుగ్మత కూడా ఉంది. దాన్ని ఆటిజం ఖాతాలో వేసి వదిలేయడం అన్యాయం. పిల్లల తీరుకు తగ్గట్టు మలిచిన కౌన్సెలింగ్‌తో ఈ ఆందోళన చాలామందిలో తగ్గుతుంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. స్క్రైబ్ (విద్యార్థి చెప్పే జవాబులు రాసిపెట్టే వ్యక్తి) సాయం తీసుకునేవారికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని, ఆ స్క్రైబ్‌ను రెండు రోజుల ముందే కలవనివ్వాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ రెండో నియమం రాసినవారికి చేతులెత్తి మొక్కుతాను. ముక్కూమొహం తెలియని మనిషి పక్కన కూర్చుని పరీక్ష రాయడం ఎంత కష్టమో వారికి తెలుసు. ముక్కూమొహం తెలియని గదీ అంతే కష్టం.

అందుకే అడుగుతున్నాను: ఈ పిల్లలను ముందురోజు ఓ అరగంట తమ సీట్లో కూర్చోనివ్వండి. ఆ బెల్లు ఒకసారి మోగించి వినిపించండి. వీలైతే ఆ గదికి రోజూ ఒకే ఇన్విజిలేటరును వేయండి. వీటికి పైసా ఖర్చు లేదు. రెండు తెలుగు రాష్ట్రాల పరీక్షల విభాగాల అధికారులు హాల్ టికెట్లతోపాటే ఈ మేరకు ఆదేశాలు ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక విద్యార్థి తల్లి, కాకినాడ