శ్రమదినాలు వస్తున్నాయి, బాకీలు తీర్చేద్దాం

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈ 2026 ఫిబ్రవరి 18న భస్మ బుధవారం. అక్కడి నుంచి ఏప్రిల్ 5 ఈస్టర్ దాకా, మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలు తీసేస్తే 40 రోజులు మాకు శ్రమదినాలు, యేసు ప్రభువు అరణ్యంలో ఉపవాసమున్న 40 రోజుల్ని తలుచుకుంటూ గడిపే లెంట్ కాలం. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో అప్పుడే ఫ్లెక్సీలు కడుతున్నారు, ప్రార్థన కూడికలకు మైకులు మాట్లాడేసుకుంటున్నారు. నేనూ చర్చి సంఘంలో మనిషినే, చిన్నప్పటి నుంచి ఈ రోజుల్లో నీచు ముట్టను. మా తప్పు మేమే చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా వీధి ఆడవాళ్లకు నూలు ఇచ్చి, లేసు అల్లించి, వ్యాపారికి అప్పజెప్పడం నా పని. నిరుడు శ్రమదినాల్లో ఒక సాయంత్రం మా ఇంట్లోనే కూడిక పెట్టారు, పాస్టరు అయ్యగారు బైబిల్లో యెషయా గ్రంథం 58వ అధ్యాయం చదివారు. మేం ఉపవాసముంటే నువ్వెందుకు చూడవని జనం దేవుణ్ణి అడుగుతారు, ఉపవాసం నాడు కూడా మీ పనివాళ్లను పీడిస్తున్నారు కదా అని ఆయన జవాబు. అప్పుడు నా ఎదురుగా చాప మీద కూర్చున్న నలుగురికి నేను సంక్రాంతి ముందు నుంచి కూలి ఇవ్వాలి! వ్యాపారి ఆలస్యంగా ఇచ్చిన మాట నిజమే, కానీ ఆయన ఇచ్చాక కూడా ఆ డబ్బు నేను ఇంటి అవసరానికి వాడుకున్నాను, వాళ్లేమో అడిగితే మళ్లీ నూలు ఇవ్వనేమోనని నోరెత్తలేదు. ఆ రాత్రి ఉపవాసం విడిచి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. పొద్దున్నే లెక్కల పుస్తకం తీసి, చేతిలో ఉన్నంత ఇచ్చి, మిగతాది ఈస్టర్‌లోపు తీర్చాను. ఒకామె "ఇప్పుడు తొందరేముందమ్మా" అంది, ఆ మాటకే నాకు ఎక్కువ సిగ్గేసింది.

మన దగ్గర వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీస్తారు, నీళ్లు పారుతున్నంతకాలం అడుగున ఏం పేరుకుందో కనబడదు. ఉపవాసం కూడా నాకు అలాగే పనికొచ్చింది.

అందుకే సంఘ పెద్దలను అడుగుతున్నాను. రొయ్యల చెరువు నీళ్లు దాళ్వా (రెండో పంట) వరి చేలోకి వదిలి గొడవపడ్డవాళ్లు, గట్టు తగాదాతో మాటలు మానేసిన అన్నదమ్ములు ఒకే వరసలో నిలబడి ప్రభు సంస్కారం (రొట్టె, ద్రాక్షరసం) తీసుకుంటున్నారు, అందరికీ తెలుసు, ఎవరూ కదపరు. ఈ 40 రోజుల్లో వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించండి. ఫ్లెక్సీ డబ్బులు సంఘంలో మంచాన పడ్డవాళ్ల ఇంటికి పంపండి.

మైకు సంగతి కూడా చెప్పాలి. ఇంటర్, పదో తరగతి పరీక్షలు ఈ రోజుల్లోనే, పిల్లలకు అసలే టెన్షన్. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నుంచే నిబంధనలున్నాయి, పోలీసులు వచ్చి చెప్పేదాకా ఆగడం ఎందుకు? గదిలోకి వెళ్లి తలుపేసుకుని ప్రార్థించమని, ఉపవాసమున్నట్టు నలుగురికీ కనబడనివ్వకుండా తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోమని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ప్రభువే చెప్పాడు.

ఈసారి నా పుస్తకంలో ఇద్దరి బాకీ ఉంది. భస్మ బుధవారంలోపు ఇచ్చేస్తాను.

ఒక పాఠకురాలు,
నరసాపురం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా